కొవ్వు మోటు మాటా?

సందేహం: మా అబ్బాయి సైన్సు విద్యార్థి. తెలుగులో ఒక వ్యాసం రాస్తూ 'మార్పు చేసిన కొవ్వు ఆమ్లాలు క్యాన్సర్ కణాల విస్తరణను నిరోధిస్తాయి' అన్నాడు. వాడి స్నేహితుడు దాన్ని 'కణాలను చంపుతాయి' అని దిద్దాడు. నాకేమో 'కొవ్వు' మోటుగా తోచి 'మేదస్సు' అంటే బాగుంటుందన్నాను. ఎవరి మాట సరైనది?

సమాధానం: ముందు మీ సంగతి తేల్చాలి. కొవ్వు మోటని మీకెవరు చెప్పారండీ? సంస్కృతం కానిదల్లా మోటే అనుకునే జబ్బు మనకు ఇంకా వదల్లేదు. మేదస్సు ఆయుర్వేదంలో సప్తధాతువుల్లో ఒకటి. దాన్ని అక్కడే గౌరవంగా ఉండనివ్వండి.

కొవ్వు పాత రూపం క్రొవ్వు. ఆ 'క్ర'లోని రేఫ, అంటే 'ర' ధ్వని, ఊరికే వచ్చింది కాదు. తమిళంలో కొఴు అంటే బలియు, కొఴుప్పు అంటే కొవ్వు. కన్నడంలో కొబ్బు. నాలుక మడిచి పలికే ఆ 'ఴ' ఒకప్పుడు మనకూ ఉండేది, తొలినాటి తెలుగు శాసనాల్లో దానికి అక్షరమే ఉంది. తర్వాత అది మన నోట రెండు దారులు పట్టింది. కోఴి కోడి అయింది, ఏఴు ఏడు అయింది. ఆ హల్లు ముందుకు జరిగి మాట మొదటి హల్లుతో కలిసినచోట మాత్రం రేఫగా మారింది. తమిళుల పొఴుతు మనకు ప్రొద్దు, వాళ్ళ విఴుంగు మనకు మ్రింగు, వాళ్ళ కీఴ్ మనకు క్రింద. క్రొవ్వూ ఆ వరసలోదే. ఆ తర్వాత రేఫ కూడా జారిపోయి పొద్దు, మింగు, కింద, కొవ్వు మిగిలాయి. ఇంత ప్రయాణం చేసి వచ్చిన మాటను పట్టుకుని మోటంటే నాకు ఒళ్ళు మండదూ?

ఇంకో సొగసుంది. ఈ మాట నామమే కాదు, క్రియ కూడా. కొవ్వడం అంటే బలియడం, మదించడం. 'ఒళ్ళు కొవ్వెక్కింది' అని తిట్టేది అందుకే. పొగరు అన్న అర్థం తమిళ కొఴుప్పుకూ కన్నడ కొబ్బుకూ ఉంది. ఆగమన్న సంకేతాన్ని లెక్కచేయకుండా పెరుగుతూ పోయే క్యాన్సర్ కణాన్ని 'కొవ్విన కణం' అంటే అంతకన్నా తగిన మాట ఏముంటుంది? ఇక కొవ్వు ఆమ్లం దాన్ని అదుపు చేస్తే, కొవ్వుతోనే కొవ్వు అణిచినట్టు!

'కొవ్వామ్లం' అని కలిపితే ఉత్వసంధి ఒప్పుకుంటుంది కానీ నా చెవి ఒప్పుకోదు. విడిగానే రాయండి.

అబ్బాయి విషయానికి వస్తాను. మార్పు అంటే ఏ మార్పో వ్యాసంలో చెప్పాడా? ఓలీయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం 18 కార్బన్ల గొలుసు. దాని రెండో కార్బన్‌కు హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంట) తగిలిస్తే 2-హైడ్రాక్సీఓలీయిక్ ఆమ్లం అవుతుంది. గ్లయోమా అనే మెదడు కణితి మీద దాన్ని మనుషుల్లో కూడా పరీక్షించారు. లినోలీయిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఆమ్లంలో 9, 12 స్థానాల్లో ఉండే ద్విబంధాలు (రెండు కార్బన్ల మధ్య జంట బంధాలు) 9, 11కో 10, 12కో జరిగితే అది సంయుగ్మ లినోలీయిక్ ఆమ్లం. ఇలాంటివాటిని ముందు గాజు పాత్రలో పెంచిన కణాల మీద వేసి చూస్తారు. ఎంటీటీ పరీక్షలో బతికున్న కణాలు పసుపు రసాయనాన్ని ఊదాగా మారుస్తాయి. ఊదా తగ్గిందంటే కణాలు చచ్చి ఉండవచ్చు, బతికుండి విభజన మానేసి ఉండవచ్చు, ఊరికే మందగించి ఉండవచ్చు. ఈ ఒక్క పరీక్ష చూసి 'చంపుతాయి' అని దిద్దేయడం ఆ స్నేహితుడి తొందరపాటు. ఈ మధ్య పత్రికల శీర్షికలన్నీ ఇదే ధోరణి. పాత్రలో కణాలు నాలుగు తగ్గితే చాలు, క్యాన్సర్ ఖతం!

విస్తరణ కూడా నాకు నచ్చలేదు. అది వింటే కణాలు ఉన్నచోటు వదిలి మరో అవయవానికి పాకినట్టుంటుంది. దాన్ని మెటాస్టాసిస్ అంటారు, అది వేరే కథ. అబ్బాయి విస్తరణ అన్నది ఇంగ్లీషు ప్రొలిఫరేషన్‌కు. అందులో ఉన్నది లాటిన్ 'ప్రోలెస్', అంటే సంతానం. కణాలు పిల్లలు పెట్టడమన్నమాట. మన 'ఇబ్బడి' ఉండనే ఉంది, రెట్టింపు అని అర్థం. రెండో పులకేశిని కన్నడిగులు ఇమ్మడి పులకేశి అంటారే, ఆ ఇమ్మడికి ఇది చుట్టమే. ఒక కణం రెండవడమే కదా ఇక్కడ జరిగేది! 'ఇబ్బడిముబ్బడిగా' అని ప్రతిదానికీ వాడి మనం మాటను అరగదీశాం కానీ, మామూలు కణవిభజనలో ముబ్బడికి, అంటే మూడింతలకు, చోటు లేదు.

కాబట్టి 'కణాల ఇబ్బడిని అరికడతాయి' అని రాస్తే నాకు సంతోషం. మార్కులు పోతాయని అబ్బాయికి టెన్షన్‌గా ఉంటే 'కణవృద్ధి నిరోధం' అని రాసుకోమనండి, తప్పని అనను. అయితే వృద్ధి అన్నప్పుడు ఒక్కో కణం లావెక్కడమా, వాటి లెక్క పెరగడమా అన్న పేచీ మిగిలే ఉంటుంది. స్నేహితుడి 'చంపుతాయి' కూడా పూర్తిగా కొట్టేయదగ్గది కాదు. కణాలు తమంతట తాము చావడాన్ని, అంటే అపాప్టోసిస్‌ను, వేరే పరీక్షతో చూపించినచోట నిక్షేపంగా వాడుకోవచ్చు. 1972లో శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టుకున్నది ఆకులు రాలడాన్ని చెప్పే గ్రీకు మాట నుంచి. చంపడం కన్నా రాలడం ఎంత మెత్తగా ఉందో చూశారా?