వడకట్టాలా, వడపోయాలా?

సందేహం: ఫ్లో సైటోమెట్రీకి (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపించి పరీక్షించే పద్ధతి) కణాల నమూనా ఎలా తయారుచేయాలో జూనియర్ల కోసం తెలుగులో రాస్తున్నాను. 'ఎలుక ప్లీహాన్ని నలిపి, కణాలను వడకట్టడం జరుగుతుంది' అని రాస్తే, మా సీనియర్ 'వడపోయడం' అని దిద్దారు. ఏది ఒప్పు?
– ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి

సమాధానం: రెండూ ఒప్పే తల్లీ. ల్యాబు పనిని తెలుగులో రాయాలని నీకు తోచింది, అదే నాకు పెద్ద సంతోషం.

రెండు మాటలకూ మూలం 'వడియు'. అంటే బొట్లుబొట్లుగా కారడం, తడి కిందికి దిగిపోవడం. వడియన్ + కట్టు, వడియఁగట్టు. అదే వాడుకలో అరిగి వడగట్టు, వడకట్టు అయింది. నీరు వడిసేలా గుడ్డ కట్టడమన్నమాట. కట్టుకు బదులు పోయు చేరితే వడబోయు, వడపోయు. మీ చిత్తూరు వైపు వాళ్లకు దీని చుట్టరికం ఇట్టే తెలుస్తుంది. ఎల్ల దాటితే తమిళంలోనూ 'వడికట్టు' అనే అంటారు, అన్నం వార్చడానికి కూడా వాళ్లకు 'వడి' ధాతువే. మనం గంజికి 'వార్చు' వాడుకుని, వడియును గుడ్డకూ జల్లెడకూ మిగుల్చుకున్నాం. వడదెబ్బలోని వడ వేరు, దానితో ఇక్కడ పని లేదు.

మూతికి సన్నని జాలీ బిగించిన గొట్టాలు మీ ల్యాబులో ఉంటాయి కదా, వాటిని చూస్తే నాకు 'వాసెన' గుర్తొస్తుంది. కుండ మూతికి కట్టే గుడ్డ అది. వాసెన కట్టి దానిమీద కుడుములు ఉడికించేవారు. ఇంత చక్కని మాటను వంటింట్లోనే పోగొట్టుకున్నాం. జాలీ మూతకు అది అతికినట్టు సరిపోతుంది.

నీ వాక్యంలో అసలు చిక్కు క్రియలో లేదు, కర్మలో ఉంది. టీ వడకట్టామంటే టీ కిందికి దిగింది, పొడి పైన మిగిలింది. మరి 'కణాలను వడకట్టు' అంటే, ద్రవం దిగి గట్టివి పైన ఆగడమే కదా అని కొత్తవాడు కణాలు జాలీమీద మిగలాలనుకుని, కింది ద్రవాన్ని పారబోస్తే? మీ పనిలో జరగాల్సింది దానికి తలకిందులు. లింఫోసైటు, అంటే ప్లీహంలో ఉండే ఒక రకం తెల్లరక్తకణం, పది మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ ఉంటుంది, 40 మైక్రాన్ల జాలీలోంచి సులువుగా దిగిపోతుంది. పైన ఆగాల్సినవి ముద్దకట్టిన కణాలూ నలగని ప్లీహం తునకలూ. యంత్రంలో కణాలు ఒకదాని వెనక ఒకటిగా లేజర్ ముందు నడవాలి. ముద్దలు దిగితే దారి మూసుకుపోతుంది, అతుక్కున్న రెండు కణాలు ఒకటిగా లెక్కకొస్తాయి. కాబట్టి 'కణాలున్న ద్రవాన్ని వడకట్టి, కిందికి దిగినదాన్ని ఐసులో ఉంచాలి' అని రాయి.

ఇక ఆ 'జరుగుతుంది' ఎందుకమ్మా? జరగడానికి అదేమైనా పెళ్లా? వడకడతాం, కడుగుతాం, రంగు వేస్తాం. చేసే మనిషి వాక్యంలో కనబడాలి. వార్తల్లో 'చెప్పడం జరిగింది' విని విని చదువుకున్నవాళ్లు కూడా ఇలా రాస్తున్నారు.

నన్నడిగితే గుడ్డయినా జాలీ అయినా అడ్డం కట్టినప్పుడు వడకట్టడమే నయం. పోసే పనికే ప్రాధాన్యం ఇవ్వాలంటే మీ సీనియర్ దిద్దినదే ఉంచు, తప్పు పట్టను.

సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి బరువైనవాటిని అడుక్కి దించే యంత్రం) తిప్పాక పైన నిలిచేదానికి 'తేట' అనే మాట ఉండనే ఉంది. అడుగున చేరిన కణాలను 'మడ్డి' అనడానికి మాత్రం నాకు మనసొప్పదు, మడ్డి పారబోసేది కదా. అంతకన్నా మంచి మాట దొరికేదాకా పెల్లెట్ అనే రాసుకో.