ఏపీపీగా చేరబోయేవారికి ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ ఎంతవరకు అండగా ఉంటుంది?

మీరు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా (ఏపీపీ) ఎంపికైనందుకు ముందుగా అభినందనలు. మీ ప్రశ్నలో మూడు సందేహాలు ఉన్నాయి: ఏపీపీల పనిని పర్యవేక్షించే ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ పోలీసు శాఖలో భాగమేనా, అక్కడ ఇచ్చే శిక్షణ కోర్టులో అక్కరకు వస్తుందా, ఎక్కడో తాలూకా కోర్టులో ఒక్కరే ఉన్నప్పుడు చిక్కు వస్తే ఎవరిని అడగాలి. నేను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీగా చేరి, విభజన తర్వాత కూడా ఇదే సర్వీసులో కొనసాగుతున్నాను. పదహారేళ్లకు పైగా మెజిస్ట్రేటు కోర్టుల్లోనూ, ఆ తర్వాత అసిస్టెంట్ సెషన్స్ కోర్టుల్లోనూ ప్రభుత్వం తరఫున కేసులు నడిపిన అనుభవంతో జవాబు రాస్తున్నాను.

మొదటి సందేహానికి సూటిగా చెప్పాలంటే, కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఏపీపీల ఎంపిక పోలీసు నియామక మండలి ద్వారా జరగడం వల్ల (తెలంగాణలో 2021లో 151 ఖాళీలకు ప్రకటన ఇచ్చింది కూడా ఆ మండలే) చాలామంది ఇది ఖాకీ ఉద్యోగమనుకుంటారు. పరీక్ష పెట్టేది వాళ్లే అయినా మీరు వాళ్ల కింద ఉండరు. ఒకప్పుడు దేశంలో చాలాచోట్ల మెజిస్ట్రేటు కోర్టుల్లో ప్రాసిక్యూషన్ నడిపింది పోలీసు అధికారులే. కేసును దర్యాప్తు చేసిన శాఖే దాన్ని కోర్టులో నడపడం తగదని, ప్రాసిక్యూషన్‌కు వేరే విభాగం ఉండాలని లా కమిషన్ 1958లో తన 14వ నివేదికలో చెప్పింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షను మెజిస్ట్రేటు కోర్టులకు ఏపీపీలను నియమించాలని, పోలీసు అధికారి ఆ పదవికి అర్హుడు కాడని స్పష్టం చేసింది. అయినా కొన్ని రాష్ట్రాల్లో ఏపీపీలు పోలీసు శాఖ అజమాయిషీలోనే ఉండిపోయారు. 1995లో ఎస్.బి. షహానే కేసులో సుప్రీంకోర్టు మహారాష్ట్ర ప్రభుత్వాన్ని ఉద్దేశించి, ఏపీపీలను ఆ అజమాయిషీ నుంచి పూర్తిగా తప్పించి, ప్రభుత్వానికే నేరుగా జవాబుదారీగా ఉండే ప్రాసిక్యూషన్ శాఖను ఏర్పాటు చేయాలని ఆదేశించింది. మనం ఈ రోజు తల ఎత్తుకుని ఛార్జిషీటును ప్రశ్నించగలుగుతున్నామంటే దాని వెనుక ఈ చరిత్రంతా ఉంది.

డైరెక్టరేట్‌కు చట్టంలో చోటు దక్కింది 2005 సవరణతో. అది 25-ఏ సెక్షనుగా 2006 జూన్ 23 నుంచి అమల్లోకి వచ్చింది. పదేళ్లకు తక్కువ కాకుండా న్యాయవాద వృత్తిలో ఉన్నవారిని, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సమ్మతితో డైరెక్టరుగా నియమించాలని, డైరెక్టరు హోం శాఖ అధిపతి పరిపాలనా నియంత్రణలో పనిచేయాలని, జిల్లాల్లోని ప్రాసిక్యూటర్లు డిప్యూటీ డైరెక్టర్లకు లోబడి ఉండాలని అందులో ఉండేది. పోలీసులూ మనమూ ఒకే హోం శాఖ కిందికి వస్తాం కానీ మీ పనితీరుపై రహస్య నివేదిక రాసేది ఎస్పీ కాదు, మన శాఖ పై అధికారి. మొదట్లో ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. నిందితుడి పేరు ఎఫ్‌ఐఆర్‌లో లేకుండా ఛార్జిషీటులో ఎలా వచ్చిందని మీరు సీఐ గారిని అడగవలసిన రోజున దాని విలువ తెలుస్తుంది.

అదే సమయంలో మనకూ ఒక గీత ఉంది. 2000లో ఆర్. సరళ వర్సెస్ టి.ఎస్. వేలు కేసులో సుప్రీంకోర్టు, దర్యాప్తు వేరు, ప్రాసిక్యూషన్ వేరు అని, పబ్లిక్ ప్రాసిక్యూటరు అభిప్రాయం తీసుకుని దాని ప్రకారం ఛార్జిషీటు వేయమని దర్యాప్తు అధికారిని కోర్టు ఆదేశించరాదని చెప్పింది. కాబట్టి ఎవరి మీద అభియోగం మోపాలో నిర్ణయించడం మన పని కాదు. సీడీ ఫైలు (పోలీసుల కేసు డైరీ) చదివి లోపాలు చూపడం, సలహా ఇవ్వడం వరకే మన పని.

ఇక శిక్షణ గురించి. ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెబితేనే విషయం అర్థమవుతుంది.

నేను చేరిన కొత్తలో ఒక రాత్రి దొంగతనం కేసు నడిపాను. అరవై ఏళ్లు దాటిన ఒక తల్లి ఇంట్లో బీరువా పగలగొట్టి నల్లపూసల గొలుసు ఎత్తుకెళ్లారు. పోలీసులు ముద్దాయిని పట్టుకుని, అతడు చూపిన చోట ఆ గొలుసును ఇద్దరు మధ్యవర్తుల (పంచనామాకు సాక్షుల) సమక్షంలో స్వాధీనం చేసుకున్నారు. విచారణలో మధ్యవర్తులిద్దరూ అడ్డం తిరిగారు. ఖాళీ కాగితాల మీద స్టేషనులో సంతకాలు పెట్టించుకున్నారని చెప్పారు. నేను కోర్టు అనుమతి తీసుకుని, అబద్ధం చెబుతున్నావని ఒక్క ప్రశ్న వేసి కూర్చున్నాను. వృద్ధురాలు బోనులోకి వచ్చినప్పుడు గొలుసు చూపించి, ఇది మీదేనా అని అడిగాను. నాదేనయ్యా అంది. దాన్ని ఎం.ఓ. 1గా (కేసులో మొదటి వస్తు సాక్ష్యంగా) గుర్తు పెట్టించి అంతటితో ఊరుకున్నాను. అటువంటి గొలుసులు బజారులో ఎన్నయినా దొరుకుతాయని డిఫెన్సు న్యాయవాది సూచిస్తే ఆమె అవునంది. దర్యాప్తు అధికారి సాక్ష్యంలో కూడా, ముద్దాయి ఏ మాటలు చెప్పి ఏ చోటికి తీసుకెళ్లాడో ఆయన నోట విడిగా రాబట్టలేదు, పంచనామా కాగితాన్ని చూపించి సరిపెట్టుకున్నాను. కేసు కొట్టేశారు.

తీర్పు రోజున కోర్టు వరండాలో ఆమె నన్ను ఆపి, "బాబూ, ఆ గొలుసు కొక్కెం విరిగితే రాగితీగతో నేనే చుట్టాను. ఆ మాట ఎవరూ అడగలేదేం?" అంది. ఫైలు తెరిచి స్వాధీన పంచనామా చూశాను. కొక్కెం దగ్గర రాగితీగ చుట్టి ఉన్నదని అందులో రాసే ఉంది. అడగవలసినవాణ్ణి నేనే. ముద్దాయి అది తనదని అనలేదు కనుక అప్పీలు గడువు ముగిశాక గొలుసు ఆమెకు చేరింది. కానీ దొంగ దొరికాడన్న నమ్మకాన్ని ఆమెకు ఇవ్వలేకపోయాను.

కేసు వీగిపోయిన ప్రతిసారీ అప్పీలుకు తగినదా కాదా అని ఏపీపీ అభిప్రాయం రాసి, తీర్పు నకలుతో పైకి పంపాలి. మధ్యవర్తులు ఎదురు తిరగడమే కారణమని నేను రాసి పంపాను. మా జిల్లాను చూసే డిప్యూటీ డైరెక్టరు గారు ఫైలు పట్టుకుని రమ్మన్నారు. ఒక ఆదివారం ఉదయం ఆయన ఎదురుగా కూర్చుని సాక్షుల వాంగ్మూలాలు వరుసగా చదివాము. ఆయన కోప్పడలేదు. ప్రతి పేజీ దగ్గర ఆగి, ఇక్కడ నువ్వయితే ఏం అడుగుతావు అని మాత్రం అడిగారు. ఢిల్లీ ప్రభుత్వం వర్సెస్ సునీల్ కేసులో 2000లో సుప్రీంకోర్టు, స్వతంత్ర సాక్షులు బలపరచనంత మాత్రాన పోలీసు అధికారి చెప్పిన స్వాధీనాన్ని నమ్మకూడదనేమీ లేదని చెప్పిన సంగతిని ఆ రోజే తెలుసుకున్నాను. మధ్యవర్తులు పోయినా దర్యాప్తు అధికారి సాక్ష్యం మిగిలి ఉండేదని, దాన్ని నేనే చేజార్చుకున్నానని అర్థమైంది. సాక్షి హోస్టైల్ అయితే (ఎదురు తిరిగితే), దర్యాప్తులో పోలీసులు నమోదు చేసిన అతడి 161 స్టేట్‌మెంటులోని ఆ భాగాన్ని మాటకు మాట చదివి వినిపించి, ఎగ్జిబిటుగా గుర్తు పెట్టించి, ఆ తర్వాత దర్యాప్తు అధికారి చేత అది ఆ సాక్షి చెప్పినదేనని చెప్పించే వరకు పని పూర్తికాదని ఆయన చెప్పారు. లా కాలేజీలో ఇదంతా చదివే ఉన్నాను. చేతికి మాత్రం అలవడలేదు.

అందుకే శిక్షణ అక్కరకు వస్తుందా అని అడిగితే, వస్తుంది, అయితే ఏ భాగం వస్తుందో ముందే తెలుసుకుని వెళ్లండి అంటాను. కొత్తవారికి చట్టాల మీద తరగతులు ఉంటాయి, పోలీసు స్టేషను పని దగ్గర నుంచి చూపిస్తారు, ఫోరెన్సిక్ లాబొరేటరీకి తీసుకెళ్తారు. మా రోజుల్లో హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని లాబొరేటరీలో ఒక రోజు గడిపాము. రక్తపు మరకలున్న చొక్కా మీద సీలు సరిగా లేకపోతే అక్కడివారు దాన్ని ఎందుకు వెనక్కి పంపుతారో కళ్లారా చూశాక, ఛార్జిషీటులో పంపిన తేదీ, అందిన తేదీ, మధ్యలో వస్తువు ఎవరి దగ్గర ఉంది అన్నవి చూడకుండా ఏ ఫైలునూ దాటలేదు. అన్నిటికంటే మేలు చేసింది మాక్ ట్రయల్ (నమూనా విచారణ). అందులో సాక్షిగా నటించే అవకాశం వస్తే వదులుకోకండి. బోనులో నిలబడ్డ మనిషికి ఎంత భయం వేస్తుందో అప్పుడే తెలుస్తుంది.

శిక్షణ ఒకసారి ఇచ్చి వదిలేసేది కాదని సుప్రీంకోర్టు కూడా 2014 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం వర్సెస్ కిషన్‌భాయ్ కేసులో చెప్పింది. చిన్న బాలికపై అఘాయిత్యం, హత్య జరిగిన ఆ కేసు దర్యాప్తులోనూ ప్రాసిక్యూషన్‌లోనూ జరిగిన లోపాల వల్ల వీగిపోయింది. ప్రతి రాష్ట్రంలో పోలీసు, ప్రాసిక్యూషన్ సీనియర్ అధికారులతో స్థాయీ సంఘం వేసి, కేసు కొట్టేసిన ప్రతి తీర్పునూ పరిశీలించి, అక్కడ దొరికిన తప్పులనే కొత్తవారి శిక్షణలో పాఠాలుగా చేర్చాలని కోర్టు ఆదేశించింది. మనం ఓడిన కేసులే మన పాఠ్యపుస్తకం కావాలన్న ఈ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. దాన్ని మనసుపెట్టి అమలు చేసిన జిల్లాల్లో ఏపీపీల నెలవారీ సమావేశాలు గణాంకాలు అప్పజెప్పడంతో ముగిసిపోవు.

మీరు చేరేనాటికి ఇంకో మార్పు కూడా వచ్చి ఉంది. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. దాని 20వ సెక్షను రాష్ట్ర డైరెక్టరేట్‌తో పాటు ప్రతి జిల్లాకూ జిల్లా డైరెక్టరేట్‌ను ఏర్పాటు చేసుకునే వీలు కల్పించింది. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల కేసులను డైరెక్టరు, ఏడు నుంచి పదేళ్ల లోపు వాటిని డిప్యూటీ డైరెక్టరు, ఏడేళ్ల లోపు వాటిని అసిస్టెంట్ డైరెక్టరు పర్యవేక్షించాలి. డిప్యూటీ డైరెక్టరు తన పరిధిలోని కేసుల్లో పోలీసు నివేదికను పరిశీలించాలని చట్టమే చెబుతోంది. డైరెక్టరు, డిప్యూటీ డైరెక్టర్ల అర్హత పదిహేనేళ్ల న్యాయవాద వృత్తికి పెరిగింది, సెషన్స్ జడ్జిగా పనిచేసినవారూ అర్హులే. నా దృష్టిలో ఇందులో మీకు మేలు చేసేది జిల్లా స్థాయి వ్యవస్థ. సలహా అడగడానికి రాజధాని వైపు చూడనక్కరలేకుండా, బస్సెక్కి సాయంత్రానికి తిరిగి రాగలిగే దూరంలో ఒక పెద్ద దిక్కు ఉండటం చిన్న విషయం కాదు. అయితే పోస్టులు ఖాళీగా ఉండి ఒకే ఏపీపీ రెండు కోర్టులు చూసుకోవలసి వచ్చే చోట ఏ పర్యవేక్షణా సరిపోదు. మనుషులను నింపడం అన్నిటికంటే ముందు జరగాలని గట్టిగా కోరుకునేవారిలో నేనొకణ్ణి.

ఎలక్ట్రానిక్ సాక్ష్యం మీద ప్రత్యేకంగా శిక్షణ అడగండి. ఇప్పుడు చిన్న కొట్లాట కేసులో కూడా సెల్‌ఫోను వీడియో వస్తోంది. కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఇవ్వవలసిన ధ్రువపత్రంలో హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు) నింపకుండా వచ్చిన ఫైళ్లు నా దగ్గరికే వచ్చాయి. ఛార్జిషీటు కోర్టుకు వెళ్లకముందే దాన్ని పట్టుకుంటే ఒక్క మెమోతో సరిదిద్దుకోవచ్చు. విచారణ మధ్యలో పట్టుకుంటే వాయిదా మీద వాయిదా పడుతుంది.

చిక్కు వస్తే ఎవరిని అడగాలన్న మీ మూడో సందేహానికి, ముందు మీ పై అధికారినే అడగండి. ఫోనులో కాకుండా, ఫైలుతో వెళ్లండి. అడిగితే చులకన అవుతామన్న సంకోచం నాకూ ఉండేది, దాని మూల్యం ఆ తల్లి చెల్లించింది. పక్క కోర్టులో ఉన్న సీనియర్ ఏపీపీ దగ్గర సాయంత్రం అరగంట కూర్చోవడం అలవాటు చేసుకోండి. అభిప్రాయం రాసేటప్పుడు తప్పు మీదైతే మీదేనని రాయండి. వీగిన కేసు మీద అప్పీలుకు వ్యవధి 90 రోజులే. మెజిస్ట్రేటు కోర్టు తీర్పు అయితే, కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల), బెయిలు రాని నేరాల్లో అది సెషన్స్ కోర్టుకు వెళ్లాలి, దానికి కలెక్టరు గారి ఆదేశం కావాలి. కాబట్టి తీర్పు వెలువడిన రోజునే నకలుకు దరఖాస్తు పెట్టించండి. మొదటి వారంలోనే మీ కోర్టులో పెండింగులో ఉన్న సీసీ (కేలండర్ కేసు) నంబర్లన్నీ ఒక రిజిస్టరులో రాసుకుని, ఒక్కో కేసులో ఫిర్యాది వస్తువును ఎలా గుర్తు పడతారో పక్కనే ఒక గడి గీసి పెట్టుకోండి. నా రిజిస్టరులో ఆ గడి ఇప్పటికీ ఉంది.