అడగడానికి భయపడకండి

ప్రశ్న: ఇంటర్ తప్పిన మా అబ్బాయి ఎవరితోనూ మాట్లాడక, "నేను లేకపోతేనే మీకు హాయి" అంటున్నాడు. చనిపోవాలనుకుంటున్నావా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందా?
– ఒక రైతు తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: అడగండమ్మా. కోపం లేకుండా నేరుగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, పైగా లోపలి బరువు చెప్పుకొనే వీలు దొరుకుతుంది. అంతకంటే ముందు, ఈరోజే, పురుగుమందులను ఇంటి నుంచి తరలించి నమ్మకమైనవారి దగ్గర తాళం వేయించండి. ఈ తలంపు తరచూ ఉధృతంగా వచ్చి తగ్గేది కనుక ఆ గడియ దాటించడమే ముఖ్యం. శ్రీలంకలో 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. అబ్బాయిని ఒంటరిగా వదలకండి. ఊరు ఏమనుకుంటుందోనని ఆగకుండా, ఏ వేళైనా ఉచితంగా తెలుగులో మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేసి, వెంటనే మానసిక వైద్యుణ్ణి కలవండి. సప్లిమెంటరీ పరీక్ష సంగతి తర్వాత చూడవచ్చు.