కొత్త బండి మీద పాత ఆనందం దొరుకుతుందా?

ప్రశ్న: సార్, నమస్కారం. నేను పాతికేళ్లకు పైగా యమహా వారి పాత బండి ఆర్‌ఎక్స్ 100 నడిపినవాడిని. ఈ మధ్య మా అబ్బాయి కొత్త బండి కొన్నాడు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), దారిని బట్టి ఇంజన్ తీరు మార్చే మూడు రైడింగ్ మోడ్‌లు, మీటరు స్థానంలో రంగుల తెర, ఫోనుతో అనుసంధానం అన్నీ ఉన్నాయి. ఒక ఆదివారం దాన్ని తీసుకొని హనుమకొండ నుంచి రామప్పకు వెళ్లి వచ్చాను. బండి ఎక్కడా మొరాయించలేదు, నడుము నొప్పి పుట్టలేదు. అయినా ఇంటికి చేరాక బండి నడిపానన్న తృప్తి కలగలేదు. అన్నీ బండే చూసుకుంది, నేను ఊరికే కూర్చున్నాను అనిపించింది. ఈ సాంకేతికత వల్ల ఆనందం నిజంగా పెరిగిందా? లేక ఇది నా వయసు తెచ్చిన అసంతృప్తా?
– ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మీ వయసును తప్పుపట్టవలసిన పనిలేదు. మీకు కలిగిన వెలితికి కారణాలు యంత్రంలోనే ఉన్నాయి. మీ ఆర్‌ఎక్స్ 100 బండిది 98 సీసీల టూ స్ట్రోక్ ఇంజన్. అది 60 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి ఆ సంగతి ఇంజన్ కూత, హ్యాండిల్ అదురు, పాదాల కింద ఫుట్‌రెస్టుల జలదరింపు కలిసి మీ ఒంటికి చెప్పేవి. మీటరు చూడకుండానే మీకు వేగం తెలిసేది. కొత్త బండిలో అదురును అణచడానికి ఇంజన్ లోపలే బ్యాలెన్సర్ షాఫ్టు తిరుగుతూ ఉంటుంది, సస్పెన్షన్ మెరుగైంది, పైగా ఇంజన్ పెద్దది. 60 దగ్గర అది ఏ శ్రమా లేకుండా సాగిపోతుంది. వేగం ఒంటికి తెలియడం మానేసి తెర మీద అంకెగా మాత్రమే మిగిలింది. మీరు పోగొట్టుకున్నది ఆ కబురే. ఇందులో ప్రమాదం కూడా ఉంది. తెలియకుండానే ఆ అంకె 90 దాటిపోతుంది.

రెండో కారణం యాక్సిలరేటర్. మీ పాత బండిలో అది ఒక తీగ. మీ మణికట్టు ఎంత తిప్పితే, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బొరేటర్‌లో స్లయిడు అంత లేచేది. మోడ్‌లు ఉన్న పలు బండ్లలో ఆ తీగ ఉండదు. మీరు తిప్పిన కొలతను సెన్సారు కంప్యూటరుకు చేరవేస్తుంది, గాలి తలుపును ఎంత తెరవాలో అది లెక్కించి చిన్న మోటారుతో తెరుస్తుంది. వాన మోడ్‌లో పెడితే చేతికీ చక్రానికీ మధ్య ఎవరో నిలబడి మాట మార్చి చెబుతున్నట్టు ఉంటుంది. ఏళ్ల తరబడి తీగతో నేరుగా మాట్లాడిన చేతికి అది వెంటనే తెలిసిపోతుంది.

అంతమాత్రాన సాంకేతికత ఆనందానికి శత్రువని నేను అనను. ఏ కొత్త సదుపాయం వచ్చినా నేను ఒక్కటే చూస్తాను: అది నా ధ్యాసను దారి మీదికి పంపుతోందా, దారి మీద నుంచి లాగేస్తోందా? బండి నడపడంలోని ఆనందమంతా ఆ ధ్యాసలోనే ఉందని నా నమ్మకం.

పెట్రోలును కంప్యూటరు కొలిచి ఇంజన్‌కు చిమ్మించే ఫ్యూయల్ ఇంజెక్షన్‌నే తీసుకోండి. 2020 ఏప్రిల్ 1న పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్ 6 నిబంధనలు వచ్చాక మన కొత్త బండ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. పాత పద్ధతిలోని అందం నాకు తెలియనిది కాదు. పాత బుల్లెట్‌ను స్టార్ట్ చేయడం ఒక విద్య. తాళం తిప్పి, కిక్కును మెల్లగా నొక్కుతూ ట్యాంకు ముందున్న ఆమ్‌మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా ఆగాలి. అప్పుడు ఇంజన్ లోపలి ఒత్తిడిని వదిలే డికంప్రెషన్ లీవరు పట్టి కిక్కును మరి కాస్త దించాలి, లీవరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి ఒక్క తోపు తోయాలి. సరిగ్గా కుదిరితే ఒక్క కిక్కుకే అందుకుంటుంది, కుదరకపోతే కిక్కు రాడు ఎదురు తన్ని పిక్కను వాయగొడుతుంది. ఆ విద్య వచ్చినందుకు నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. కానీ పొద్దున ఐదింటికి కాజీపేటలో రైలు అందుకోవలసిన రోజున ఆ విద్య ఆనందం ఇవ్వదు. డిసెంబరు చలిలో చోక్ లాగి, ఇంజన్ ఆగిపోతుందేమోనని యాక్సిలరేటర్ తిప్పుతూ వాకిట్లో నిలబడే పని ఇంజెక్షన్‌తో తప్పింది. చెవి ఇంజన్ మీద కాపలా మానేసి దారి మీదికి మళ్లింది. ఇది లాభమే.

ఇక ఏబీఎస్. దీన్ని వద్దనేవారితో నేను ఎన్నడూ ఏకీభవించను. మోటారుసైకిళ్లలో ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మొదట 1988లో బీఎండబ్ల్యూ కే 100 మీద వచ్చింది. మన దేశంలో 125 సీసీలు దాటిన బండ్లకు 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లలోనూ, మరుసటి ఏడాది అదే తేదీ నుంచి అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లలోనూ తప్పనిసరి అయింది. చక్రం పక్కనున్న పళ్ల రింగును ఒక సెన్సారు చదువుతూ ఉంటుంది. చక్రం బిగుసుకుపోబోతోందని తెలిసిన వెంటనే బ్రేకు ఒత్తిడిని సెకనుకు ఎన్నోసార్లు వదిలి, మళ్లీ పడుతుంది.

ములుగు దాటాక జంగాలపల్లి వైపు వెళ్తుండగా నాకు రెండుసార్లు, కొన్నేళ్ల తేడాతో, దాదాపు ఒకే అనుభవం ఎదురైంది. రెండుసార్లూ సాయంత్రమే, అప్పుడే వాన వెలిసింది, చెట్ల చాటు నుంచి బర్రె ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చింది. మొదటిసారి పాత బండి. భయంతో బ్రేకు తొక్కాను, వెనక చక్రం బిగుసుకొని పక్కకు జారింది, మోకాలు చీరుకుపోయింది. రెండోసారి ఏబీఎస్ ఉన్న బండి. లీవరు గట్టిగా పిండగానే వేళ్ల కింద టకటకమని ఎవరో తిరిగి నెడుతున్నట్టు తగిలింది. బండి నిటారుగానే ఉంది, హ్యాండిల్ నా మాట వింది, బర్రె తోకకు రెండడుగుల పక్క నుంచి తప్పుకుపోయాను. ఆ రోజు తాడ్వాయి అడవి గుండా చేసిన మిగతా ప్రయాణం నా జీవితంలోని మంచి ప్రయాణాలలో ఒకటి. మొదటిసారి మిగతా సాయంత్రం ఆసుపత్రిలో గడిచింది.

అయితే ఏబీఎస్ పట్టు పుట్టించదు, ఉన్న పట్టును కాపాడుతుంది. కోతల కాలంలో మన రోడ్ల మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు. ఏటూరునాగారం దారిలో ఇసుక లారీల నుంచి రాలిన ఇసుక మలుపుల్లో పేరుకుపోతుంది. గింజల మీద, ఇసుక మీద చక్రం కింద పట్టే ఉండదు కనుక ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం పెరుగుతుంది. అక్కడ ముందే వేగం తగ్గించుకోవడమే మార్గం. రైతు ధాన్యం పక్కకు తీసే వరకు ఆగడం కూడా బండి నడపడంలో భాగమే.

మీరు ఆ బండిని వదిలేయకండి. ఒకే మోడ్‌లో పెట్టి మార్చకుండా నడపండి, అప్పుడే మీ చేయి దాని స్పందనను నేర్చుకుంటుంది. రామప్పకు వెళ్లే వెడల్పాటి దారి బదులు నర్సంపేట మీదుగా పాఖాల చెరువుకు వెళ్లండి. దగ్గర పడిన కొద్దీ దారి సన్నబడి, మలుపులు వస్తాయి. 40, 50 వేగంలోనే గేరు మార్చడానికీ, బండిని వంచడానికీ పని దొరుకుతుంది. ఒక ఉదయం ఖాళీ మైదానంలో 30 వేగం నుంచి రెండు బ్రేకులూ గట్టిగా పట్టి ఏబీఎస్ టకటకను వేళ్లతో, పాదంతో పరిచయం చేసుకోండి. అవసరం వచ్చిన రోజున ఆ అదురుకు బెదిరి బ్రేకు వదిలేయకుండా ఉంటారు. మీ అబ్బాయితో కూడా చేయించండి. మీ దగ్గర అతడు ఆర్‌ఎక్స్ 100 క్లచ్ నేర్చుకోవాలి, అతడి దగ్గర మీరు ఇది నేర్చుకోవాలి.

ప్రశ్న: మాది మెకానిక్ షెడ్డు. పాత బండి దారిలో ఆగితే ప్లగ్గు తుడిచి, జెట్ ఊది నడిపించేవాళ్లం. కొత్తవాటికి లోపాలు చదివే స్కానర్ లేకుండా చెయ్యి పెట్టలేకపోతున్నాం. బండి తన చేతిలో బాగవ్వడం కూడా ఆనందమే కదా, అది పోలేదా సార్?
– ఒక మెకానిక్, నర్సంపేట

జవాబు: పోయింది, నిజమే. మీ బాధ నాకు అర్థమవుతుంది. సొంత చేత్తో స్లో అడ్జస్ట్‌మెంట్ తిప్పి, ఇంజన్ నిలకడగా కొట్టుకోవడం వినడంలో ఉన్న తృప్తికి స్కానర్ తెర సాటిరాదు. ఇంజన్‌కు పెట్రోలు నెట్టే పంపు నడవడానికి కరెంటు కావాలి కాబట్టి, బ్యాటరీ పూర్తిగా చచ్చిన ఇంజెక్షన్ బండిని తోసినా అది అందుకోకపోవచ్చు. పైగా చాలా కొత్త బండ్లకు కిక్కే లేదు.

కానీ మీ పని తగ్గలేదు, మారింది. మీ దగ్గరికి వచ్చేవారికి రెండు మాటలు తప్పక చెప్పండి. ట్యాంకును అడుగంటేదాకా నడపవద్దు, ఎందుకంటే పంపు పెట్రోలులో మునిగి ఉండి దానితోనే చల్లబడుతుంది. మీటరులో పసుపు ఇంజన్ గుర్తు వెలిగితే వారాల తరబడి పట్టించుకోకుండా ఉండవద్దు. ఇక చైను, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ తీగ, టైరు గాలి, బేరింగులు నేటికీ చేతి పనే. ట్యూబ్‌లెస్ టైరు వచ్చాక మేకు గుచ్చుకున్న చోటే నిలబడి చక్రం విప్పకుండా పంక్చర్ వేసుకునే పని ఇంటి ఆడపిల్లలూ నేర్చుకుంటున్నారు. దాన్ని మీ షెడ్డులో ఒక ఆదివారం నేర్పితే ఎంతో మేలు చేసినవారవుతారు.

ప్రశ్న: నేను వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాను. నా బండి తెర మీద దారి చూపే బాణాలు, కాల్స్, పాటల పేర్లు వస్తాయి. హెల్మెట్‌లో బ్లూటూత్ పెట్టించుకుంటే స్నేహితురాళ్లతో మేడారం దాకా మాట్లాడుకుంటూ వెళ్లవచ్చు కదా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: వద్దమ్మా. మలుపు బాణం వరకు ఉంచుకోండి, కాల్స్, పాటలు ఆపేయండి. 60 వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. తెర మీది పేరు చదవడానికి రెండు సెకన్లు కళ్లు దించితే 33 మీటర్లు చూడకుండా ప్రయాణించినట్టే. అడవి దారిలో సిగ్నల్ కూడా తరచూ పోతుంది. గట్టమ్మ గుడి దగ్గర దండం పెట్టుకోవడానికి ఎలాగూ ఆగుతారు, పస్రాలో చాయ్‌కి ఆగుతారు. దారి అక్కడ చూసుకోండి, మాటలు అక్కడ చెప్పుకోండి. తాడ్వాయి దగ్గర ఎండ టేకు ఆకుల మధ్య నుంచి రోడ్డు మీద పడే చోట హెల్మెట్‌లో పాట లేకుండా వెళ్లండి. ఇంజన్ చప్పుడు, అడవి చప్పుడు రెండూ వినిపిస్తాయి.