తాతయ్య చాకు నీ జేబులోకి వచ్చాక

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పాత తువ్వాలు పరిచి నీ చాకులన్నీ వరసగా పేర్చావు. ఎర్రపిడి స్విస్ చాకు, చెక్కపిడి ఒపినెల్, ఇంకేదో నల్లటిది, అన్నిటికీ చివర తాతయ్యది. దీన్ని ఫ్రేము కట్టించి గోడకి పెట్టనా, పాలిష్ చేయించనా, లండన్ పట్టుకెళ్లనా అని అడిగావు కదా. పాలిష్ వద్దు, లండన్ సంగతి కింద రాస్తాను. గోడకి మాత్రం అసలు పెట్టకు. ఇంతమంది మనవలుండగా అమ్మమ్మ దాన్ని నీకే ఎందుకిచ్చిందో తెలుసా? పుచ్చకాయ కోయాలన్నా, పార్శిల్ విప్పాలన్నా, గోనెసంచి కుట్టు తెంపాలన్నా జేబులో చెయ్యి పెట్టేది మన ఇంట్లో నువ్వొక్కడివే. మిగతావాళ్లంతా "కత్తెర ఎక్కడుంది" అని అరిచే బాపతు.

ముందు నీ చేతికొచ్చింది ఏమిటో తెలుసుకో. అది పళ్లు కోసుకునే చాకు కాదు, అంటు కత్తి. కడియపులంకలో నర్సరీ పని చేసేవాళ్ల దగ్గర ఉండేది. వెలుతురులోకి తీసుకెళ్లి అలుగుని, అదే కోసే రేకుని, మొన వైపు నుంచి చూడు. ఒక పక్క పిడి దగ్గర్నుంచి అంచుదాకా తిన్నగా, చదునుగా ఉంటుంది. రెండో పక్క మాత్రమే అంచు దగ్గర వాలుగా దిగుతుంది. నీ మిగతా చాకులన్నిటికీ వాలు రెండు పక్కలా ఉంటుంది, దీనికి ఒక్క పక్కే. అలా ఎందుకంటే, అంటు కట్టేటప్పుడు కోత పలక మీద గీసినట్టు చదునుగా రావాలి. టెంక మొక్క మీద కోసిన చోటా, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్ల మీద కోసిన చోటా, బెరడు కిందుండే పచ్చటి పొర ఒకదానికొకటి ఆనాలి. మధ్యలో గాలి చొరబడేంత సందు ఉన్నా పుల్ల ఎండిపోతుంది. చదును పక్కని కొమ్మకి ఆనించి ఒక్క లాగు లాగితే కోత తిన్నగా వస్తుంది. రెండు పక్కలా వాలున్న చాకు కొమ్మలోకి వంకరగా దిగిపోతుంది, మధ్యలో గుంట పడుతుంది.

పిడి రెండో చివర ఎముక ముక్క లాంటిది ఉంది చూశావా, అది విరిగిన భాగం అనుకుని గమ్ పెట్టి ఏదో అతికిద్దామని రాశావు. అతికించకు నాయనా! గులాబీకి కన్ను అంటు, అంటే మొగ్గ ఒక్కదాన్నే తెచ్చి అంటు, కట్టేటప్పుడు కాండం మీద ఇంగ్లీషు టీ అక్షరంలా గాటు పెట్టి, ఆ ముక్కతోనే బెరడుని మెల్లగా పైకెత్తి, లోపల కన్ను దోపుతారు. ఇనుముతో ఎత్తితే బెరడు చిరుగుతుంది, అందుకని ఎముక. తాతయ్యకి ఆ ముక్క అంటే అలుగు కంటే ఎక్కువ మక్కువ.

ఇప్పుడు పాలిష్ సంగతి. అలుగు నల్లగా, అక్కడక్కడా నీలంగా, మరకలు మరకలుగా ఉంది, మెరిపిస్తే బాగుంటుంది కదా అన్నావు. ఆ నలుపు మురికి కాదు. అది పాత రకం కార్బన్ ఉక్కు, స్టెయిన్‌లెస్ కాదు. మామిడి సొన, నిమ్మరసం, ఉల్లిపాయ, ఏది తగిలినా ఉక్కు మీద పలచటి పొర కడుతుంది. ఆ పొర ఉన్నచోట ఎర్ర తుప్పు అంత తొందరగా పట్టదు. బఫింగ్ వాడికి ఇస్తే ఐదు నిమిషాల్లో తళతళలాడించేస్తాడు, దాంతో పాటు తాతయ్య కోసిన మామిడి పుల్లల గుర్తులన్నీ తుడిచేస్తాడు, పైగా ఉత్త ఉక్కు మిగిలి వానాకాలం రాగానే ఎర్రబడుతుంది. నల్ల మరక అలాగే ఉండనియ్యి, ఎర్ర మరక వస్తేనే చెయ్యి వెయ్యి. ఎర్రదానికి కూడా ఎమరీ కాగితం అక్కర్లేదు, నూనె చుక్కవేసి ఒక పూట వదిలి, ముతక గుడ్డతో రుద్దితే చాలావరకు పోతుంది. పిడి మీద బొటనవేలు ఆనేచోట చెక్క అరిగి గుంట పడింది చూడు, దాని మీద వార్నిష్ వెయ్యాలన్న ఆలోచన కూడా పెట్టుకోకు. ఏడాదికోసారి అవిసె నూనె పలచగా పట్టించి తుడిచెయ్యి, అంతే.

పదును గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇలాంటి చాకులు పాడయ్యేది ఇక్కడే. నీ వంటింట్లో చాకుని రెండు చక్రాల మధ్య పెట్టి లాగే ప్లాస్టిక్ సాధనం ఒకటుంది, మీ అమ్మ చెప్పింది. అందులో తాతయ్య చాకు ఒక్కసారి లాగావంటే చదును పక్క కూడా వాలు పడిపోతుంది, ఇక అది అంటు కత్తి కాదు. సైకిల్ చక్రం తొక్కుతూ వీధుల్లో సాన పట్టేవాళ్లకీ ఇవ్వకు. వాళ్ల పనితనం తక్కువని కాదు, కొడవళ్లకీ కత్తిపీటలకీ వాళ్లే దిక్కు. కానీ నీళ్లు తగలని చక్రం మీద సన్నటి అంచు ఇట్టే వేడెక్కిపోతుంది. అంచు నీలంగా తిరిగిందంటే ఆ మేరకు ఉక్కు మెత్తబడినట్టే, తర్వాత ఎంత నూరినా పదును నిలవదు.

వెయ్యి నంబరు సానరాయి ఒకటి కొనుక్కో. నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డ మీద కదలకుండా పెట్టు. వాలుగా ఉన్న పక్కని రాయి మీద ఆనించు, ఎంత కోణం అని అడక్కు, ఆ వాలు మొత్తం రాయికి అంటుకునేలా పెడితే కోణం దానంతటదే కుదురుతుంది. తొందర లేకుండా, బలం వెయ్యకుండా పిడి దగ్గర్నుంచి మొనదాకా నూరు. కాసేపటికి అవతల పక్క అంచు మీద వేలు అడ్డంగా పోనిస్తే సన్నటి గరుకు తగులుతుంది. అంచు పొడుగునా ఆ గరుకు తగిలేదాకా ఆపకు, తగిలాక ఒక్కసారి కూడా ఎక్కువ నూరకు. ఇప్పుడు తిప్పి చదును పక్కని రాయికి పూర్తిగా పడుకోబెట్టు, వెన్ను ఏమాత్రం పైకి లేవకూడదు, రెండు మూడు సార్లు మెల్లగా లాగితే గరుకు రాలిపోతుంది. చివర్లో పాత తోలు బెల్టు లోపలి పక్క మీద వెనక్కి లాగు. దినపత్రిక అంచు చప్పుడు లేకుండా తెగితే చాలు. చేతి మీద వెంట్రుకలు గీసి వీడియో తీసి పంపద్దు, మీ అమ్మ నా మీద పడుతుంది.

ఆ అలుగు ఒకప్పుడు ఇప్పుడున్నదానికంటే బాగా వెడల్పు. నూరి నూరి అంత సన్నబడింది. అందుకే చెప్తున్నాను, అవసరమైనప్పుడే నూరు, మధ్యమధ్యలో బెల్టుతోనే సరిపెట్టుకో. నీ పిల్లల దాకా రావాలి అది.

నూనె విషయంలో మనవాళ్లు అన్నిటికీ కొబ్బరినూనె అంటారు. అలుగు తినే వస్తువుకి తగులుతుంది కాబట్టి అలుగు మీద పలచగా కొబ్బరినూనె రాయి, పరవాలేదు. మడత పడే కీలు దగ్గర మాత్రం కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వెయ్యి. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, పాతబడితే జిడ్డుగా బంకలా తయారై దుమ్ముని పట్టుకుంటుంది. నువ్వు వెళ్లే దేశంలో అది సగం ఏడాది గడ్డకట్టే ఉంటుంది. ఇంకోటి, దసరాకి ఆయుధపూజలో తప్పకుండా పెట్టు, కానీ తడి పసుపు, కుంకుమ అద్ది తెల్లారేదాకా వదిలెయ్యకు. స్కూటర్‌కి ఏమీ కాదు కానీ కార్బన్ ఉక్కు ఒక్క రాత్రిలో బొట్టు ఆకారంలో తుప్పు పడుతుంది. దణ్ణం పెట్టుకుని, హారతి అయ్యాక పొడిగుడ్డతో తుడిచి నూనె రాసెయ్యి. అమ్మవారు ఏమీ అనుకోదు.

నీ మిగతా చాకుల గురించి కూడా ఒకటి రెండు మాటలు. ఆ ఒపినెల్ నాకు బాగా నచ్చింది. ఫ్రాన్సులో సావోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో మొదలుపెట్టిన మోడల్, పెద్దగా మార్చకుండా ఇప్పటికీ అదే అమ్ముతున్నారంటే పల్లెటూరి జనం దాన్ని ఎంత వాడి ఉంటారో చూడు. అలుగు మడత పడకుండా తిప్పే ఆ రింగు మాత్రం 1955లో వచ్చింది. వానాకాలంలో తెరుచుకోవట్లేదని తిట్టుకున్నావట, బీచ్ చెక్క తేమకి ఉబ్బితే అలుగుని పట్టేస్తుంది, మన గోదావరి తేమకి ఉబ్బకుండా ఎలా ఉంటుంది? రింగు తెరిచే ఉందో లేదో చూసుకుని పిడి వెనక చివరని బల్లకేసి టక్కున కొట్టు, అలుగు కాస్త బయటకి వస్తుంది. అక్కడి రైతులు చేసేదీ అదే. గోళ్లు విరగ్గొట్టుకోకు.

స్విస్ చాకు సంగతి నీకే ఎక్కువ తెలుసు, 1897లో రిజిస్టర్ అయిన ఆఫీసర్ చాకు కథంతా నాకు పోయిన సంక్రాంతికి చెప్పావు కదా. అందులో నాకు గుర్తుండిపోయింది ఒక్కటే. 1909లో తల్లి పోయాక ఆ కంపెనీ పెట్టిన ఎల్స్‌నర్ ఆమె పేరు విక్టోరియానే తన చాకులకి పెట్టుకున్నాడన్నావు. అందుకని ఆ కంపెనీ అంటే నాకు గౌరవం. నీ నల్లటి చాకు గురించి మాత్రం నేనేమీ చెప్పను, దాని ధరకి ఇక్కడ ఒక లారీ వర్మీకంపోస్టు వస్తుంది, డబ్బాలోంచి తియ్యని చాకు మీద మమకారం ఎక్కణ్ణుంచి పుడుతుందిరా! దాంతో కొన్నాళ్లు టెంకాయ పీచు తియ్యి, కేబుల్ వైర్ల తొడుగు కోయి, మొన కాస్త వంకర పోనియ్యి, అప్పుడు మాట్లాడదాం.

ఇక లండన్. తాతయ్య చాకు పట్టుకెళ్లు, కానీ ఎలా పట్టుకెళ్తావన్నదే నాకు టెన్షన్. ఇలాంటి చాకులు దొంగలెత్తుకుపోయినవాటి కంటే ఎయిర్‌పోర్టు చెకింగ్ దగ్గర డబ్బాలో పడేసి వెళ్లినవే ఎక్కువ అని నా అనుమానం. చేతి సంచిలో ఏ చాకూ పోదు, తాళాల గుత్తికి వేలాడే 58 మిల్లీమీటర్ల బుల్లి స్విస్ చాకు కూడా పోదు. ఆ బుల్లిదే జనం మర్చిపోయేది, అది తాళాల్లో కలిసిపోయి ఉంటుంది కదా. బయలుదేరే ముందు రాత్రే తాతయ్య చాకుని గుడ్డలో చుట్టి, కౌంటర్లో ఇచ్చేసే పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టు. తెల్లవారుజామున హడావిడిలో ప్యాంటు జేబులు తడుముకునే పని పెట్టుకోకు. పెట్టె అడ్రసు చీటీ మీద మన ఇంటి ఫోన్ నంబరు కూడా ఉండాలి.

అక్కడి చట్టం మన చట్టంలా కాదు. ఇక్కడ ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడుగు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగు ఉంటే లెక్కలోకి వస్తుంది, అదీ ఇంటికీ వ్యవసాయానికీ తయారైనవి కాకపోతే. బ్రిటన్‌లో కారణం చెప్పకుండా బయట జేబులో పెట్టుకోగలిగేది మడత చాకు ఒక్కటే, కోసే అంచు 3 అంగుళాలు దాటకూడదు, తెరిచాక లాక్ పడకూడదు. అంటే నీ ఒపినెల్ రింగు ఉన్నందుకు అక్కడ జేబులో పనికిరాదు, పొడుగు కూడా ఎక్కువే. తాతయ్యది లాక్ లేనిది, చిన్నది, లెక్క ప్రకారం సరిపోతుంది. అయినా నా మాట విని దాన్ని వీధిలోకి తీసుకెళ్లకు. కత్తి గొడవల మీద అక్కడి పోలీసులు గట్టిగా ఉంటారు, ఆ ఎముక ముక్క ఏమిటో, తాతయ్య ఎవరో వాళ్లకి రోడ్డు మీద నిలబడి చెప్పుకుంటావా? వంటింట్లో గిన్నెల దగ్గర పెట్టుకో. పొద్దున్నే యాపిల్ కోసుకో, కిటికీలో కుండీ పెట్టి గులాబీ పెంచు, కొత్తిమీర కాడలు తుంచు. ఇక్కడున్నన్నాళ్లు కూడా ఆఫీసుకీ, మెట్రోకీ, మాల్‌కీ దాన్ని తీసుకెళ్లొద్దు. అది తోట చాకు, ఇంటి పట్టున వాడుకునేది.

అరువు ఇవ్వకు. ఎవరైనా "ఒక్కసారి ఇవ్వవా" అంటే స్విస్ చాకు ఇవ్వు. తెలియనివాడు అలుగు మొనతో పెయింట్ డబ్బా మూత లేపుతాడు, నీకు గుండె కలుక్కుమంటుంది, స్నేహం చెడుతుంది. ఇచ్చేదే అయితే పూర్తిగా ఇచ్చెయ్యాలి, అదీ చేతికి కాదు. అమ్మమ్మ నీ చేతిలో పెట్టకుండా అరుగు మీద పెట్టి తీసుకోమంది కదా, ఇంగ్లీషువాళ్లయితే చాకు కానుకగా తీసుకున్నవాడు తిరిగి ఒక పైసా చేతిలో పెడతాడు, స్నేహం తెగకుండా ఉండటానికట. ఇలాంటివి నేను పెద్దగా నమ్మను, కానీ పాటిస్తాను.

ఇంకో పని కూడా చెయ్యి. అమ్మమ్మకి ఫోన్ చేసి ఆ చాకు తాతయ్య ఎక్కడ కొన్నాడో, దాంతో కట్టిన అంటుల్లో మన దొడ్లో ఏ చెట్టు ఇంకా ఉందో అడుగు. ఫోన్‌లో రికార్డు చెయ్యి. నాకు తెలిసిన కథ ఒకటి, మీ అమ్మకి తెలిసింది ఇంకొకటి, రెండూ పొసగవు, ఆవిడే చెప్పాలి.

ప్రయాణానికి ముందు వచ్చే ఆదివారం ఖాళీ చేసుకుని రా. గులాబీ కొమ్మలు తడిగోనెలో చుట్టి ఉంచుతాను, నూరడం, కన్ను అంటు కట్టడం రెండూ నీ చేతే చేయిస్తాను. సానరాయి కొనకపోతే నాది వాడుకోవచ్చు. రాజమండ్రిలో దిగాక ఫోన్ చెయ్యి, బండి పంపిస్తాను.

మీ మామయ్య