పార్కింగ్‌లో ఏడు పెంకులు, మేడ మీద పతంగి

పిల్లల బయటి ఆటల మీద హైదరాబాద్ పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో పదేళ్ల లోపు పిల్లలు ఎనిమిది మంది ఉన్నారు. పార్కింగ్ దారిలో ఏడు పెంకులు (వాళ్ల మాటలో లింగోచా) ఆడుతుంటారు. పెంకులు నిలబడవు, బంతి కార్ల కిందికి పోతుంది, పది నిమిషాలకే కొట్లాట మొదలవుతుంది. మాన్పించడం తప్ప దారి లేదా? – ఓ తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మాన్పించక్కర్లేదు. మీరు చెప్పిన మూడు గొడవలకూ కారణాలు వేర్వేరు, మూడూ సరిచేయగలిగినవే.

మొదట పెంకులు. పిల్లలు సాధారణంగా ఎక్కడో దొరికిన టైల్స్ ముక్కలు తెచ్చుకుంటారు. పైపూత నునుపు కాబట్టి అవి ఒకదాని మీద ఒకటి జారతాయి, విరిగిన అంచు చేతులు కోస్తుంది. ఫ్లోరింగ్ పని జరిగే చోట షాబాద్ బండ ముక్కలు అడిగితే ఇస్తారు. అడుగున పెట్టేది సుమారు 12 సెంటీమీటర్లు, అన్నిటికంటే పైది 5 సెంటీమీటర్లు, మిగతా అయిదూ మధ్య సైజుల్లో ఉండాలి. మందం ఒకటిన్నర సెంటీమీటరు చాలు, ఏడూ పేరిస్తే జానెడు కూడా రాదు. గరుకు గచ్చు మీద నీళ్లు పోసి అంచులు రుద్దితే మొద్దుబారతాయి. ప్లైవుడ్ ముక్కలూ పనికొస్తాయి కానీ అవి తేలిక, బంతి తగిలితే ఎగిరి బండ్ల కిందికి దూరతాయి. పార్కింగ్‌కు బండే మేలు.

బంతి విషయంలో మా ఓటు నూగు అరిగిపోయిన పాత టెన్నిస్ బంతికి. రబ్బరు బంతి గచ్చు మీద ఎక్కడికో ఎగురుతుంది. కార్క్ బంతి ఈ ఆటకు అసలే వద్దు, ఎందుకంటే ఇది మనుషులను కొట్టే ఆట. స్థలం మరీ ఇరుకైతే పాత సాక్సులో గుడ్డ పీలికలు కుక్కి గట్టిగా ముడేయండి. అది దొర్లదు, తగిలినా నొప్పి ఉండదు. పెంకులను గోడకు రెండున్నర మీటర్ల ముందు పేర్చి, గోడ వైపు విసిరేలా గీత గీయండి. కార్ల వైపు విసిరే ఏర్పాటు ఉన్నంత కాలం బంతి కార్ల కిందికే పోతుంది. పోయిన బంతిని కర్రతో లాగాలి, పిల్లలెవరూ దూరకూడదు. బండి కదిలిన చప్పుడు వినగానే ఎవరైనా సరే "తూచ్" అనాలి, ఆట అక్కడికక్కడ ఆగాలి. ఆ క్షణంలో తగిలిన దెబ్బకు ఎవరూ ఔట్ కారు.

ఇక కొట్లాట. నియమాలు ఆట మధ్యలో పుడుతుంటే గొడవ తప్పదు. ముందే ఖాయం చేయవలసినవి ఇవి. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు నాలుగు మీటర్లు, పెద్దవాళ్లకు అయిదు మీటర్ల దూరం. మనిషికి మూడు విసుర్లు. పెంకులు పడకుండా ఒక్క టప్పా తర్వాత బంతి ఎదుటివాళ్ల చేతికి చిక్కితే విసిరినవాడు ఔట్. పెంకుల చుట్టూ మీటరు దూరంలో చాక్‌పీస్‌తో సున్నా చుట్టాలి, కొట్టే జట్టు అందులో కాలు పెట్టకూడదు. లేకపోతే ఒకడు పెంకుల మీదే కాపలా నిలబడతాడు, ఆట చస్తుంది. బంతి చేతిలో ఉన్నవాడు పరుగెత్తకూడదు, అందించాలి లేదా కొట్టాలి. దెబ్బ నడుము కిందే తగలాలి, తలకు తగిలితే కొట్టినవాడే ఔట్. ఏడో పెంకు పెట్టి రెండు చేతులూ పైకెత్తి అరిస్తేనే గెలుపు లెక్క. జట్లు పెద్దవాళ్లు పంచొద్దు. సమాన బలం ఉన్న ఇద్దరిద్దరు ఉద్దీలుగా వచ్చి పేర్లు పెట్టుకుంటే పంపకం మీద ఫిర్యాదులుండవు.

ప్రశ్న: తొమ్మిదేళ్ల బాబుకు జాతరలో చెక్క బొంగరం కొన్నాం. విసిరితే పక్కకు పడి దొర్లుతుంది తప్ప తిరగదు. – మల్కాజిగిరి పాఠకుడు

జవాబు: ముందు తాడు లేకుండా వేళ్లతో పళ్లెంలో తిప్పి చూడండి. అప్పుడే అదురుతూ ఊగితే కింది మేకు నడిమధ్యన లేదన్నమాట. వడ్రంగి అయిదు నిమిషాల్లో సరిచేస్తాడు. పళ్లెంలో బాగానే తిరిగితే తప్పు తాడుది, లేదా చేతిది.

కొత్త బొంగరాలతో ఇచ్చే నైలాన్ తాడు చెక్కను పట్టుకోదు. మూడు మిల్లీమీటర్ల మందమున్న నూలు తాడు ఒకటింబావు మీటరు తీసుకోండి. ఒక చివర చిన్న ఉచ్చు వేసి బాబు మధ్యవేలికి తగిలించండి. రెండో చివర కాస్త తడిపి మేకు మొదట్లో అదిమిపట్టి, అక్కణ్నుంచి పైకి చుట్టు పక్కన చుట్టు బిగువుగా రావాలి. చుట్టు మీద చుట్టు ఎక్కితే విడేటప్పుడు చిక్కుకుంటుంది, బొంగరం తిరిగి వెనక్కే తన్నుతుంది. అందుకే చుట్టూ రెండు మీటర్లలో ఎవరినీ నిలబడనివ్వొద్దు.

మేకు కిందికి ఉండేలా పట్టుకుని, నడుము ఎత్తు నుంచి ముందుకు విసరాలి. తాడు ఆఖరి చుట్టు విడే క్షణంలో చెయ్యి వెనక్కి గుంజాలి. మీ బాబు బహుశా ముందే గుంజేస్తున్నాడు, పక్కకు పడేది అందుకే. అసలు గుంజకపోయినా తిరుగుడు చాలదు. గట్టి మట్టి నేల మీద నేర్పండి. గ్రానైట్ మీద జారుతుంది, ఇసుకలో దిగబడుతుంది.

ప్రశ్న: సంక్రాంతికి ఎనిమిదేళ్ల పాపకు పతంగి ఎగరేయడం నేర్పాలనుంది. చైనా మాంజా లేకపోతే లాభం లేదంటున్నారు. మా మేడ పిట్టగోడ పాప నడుము దాకానే వస్తుంది. నేనెగరేస్తే పతంగి గిరగిరా తిరిగి పడిపోతోంది. – చంపాపేట పాఠకుడు

జవాబు: పిట్టగోడ నడుము దాకానే ఉంటే మేడ మీద వద్దు. పతంగి ఎగరేసేవాళ్ల కళ్లు ఆకాశంలో ఉంటాయి, కాళ్లు వెనక్కి నడుస్తాయి. పిట్టగోడ కనీసం పాప ఛాతీ ఎత్తుండి, పక్కన ఓ పెద్దమనిషి ఉంటేనే మేడ. లేకపోతే తీగలు లేని ఖాళీ మైదానం చూసుకోండి.

చైనా మాంజా అంటే నైలాన్ దారం. దీన్ని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. తెగదు, కుళ్లదు, చెట్లకు చిక్కుకుని పక్షుల రెక్కలు కోస్తుంది, ఫ్లైఓవర్ల మీద బైకు నడిపేవాళ్ల గొంతులు కోస్తుంది. నేర్చుకునే పిల్లకు గాజుపొడి పూసిన నూలు మాంజా కూడా అనవసరం. పేంచీలు వేయాలంటేనే, అంటే ఎదుటివాళ్ల పతంగిని తెంపాలంటేనే, మాంజా కావాలి, ఎగరడానికి కాదు. ధూల్‌పేట దుకాణాల్లో సద్ది అడగండి, ఏ పూతా లేని నూలు దారం ఇస్తారు. వంద మీటర్లు చుట్టిన చిన్న చరఖా చాలు. అదైనా జోరుగా జారితే వేలు కోస్తుంది కాబట్టి చూపుడువేలి మధ్య కణుపుకు మెడికల్ టేపు రెండు చుట్లు వేయండి.

గిరగిరా తిరగడం సూత్రం (పతంగి పుల్లలకు కట్టే దారం ముడి) తప్పు. నిలువు పుల్ల, అడ్డంగా వంచిన పుల్ల కలిసే చోట పుల్లలకు రెండు వైపులా రెండు బెజ్జాలు, తోకకు నాలుగు వేళ్ల పైన నిలువు పుల్లకు అటూ ఇటూ రెండు బెజ్జాలు పెట్టి దారం కట్టాలి. రెండు దారాలనూ కలిపి ముడేసేటప్పుడు కింది దారం పైదాని కంటే సుమారు అర అంగుళం పొడవుండాలి. పతంగి వెనక్కి వాలి పైకి లేవకుండా గిరగిరా తిరుగుతుంటే కింది దారం పొట్టిదైంది. ముడిని అర అంగుళం పైకి జరపండి. లాగినా పట్టు లేకుండా తేలిపోతుంటే కొంచెం కిందికి దించండి. ఎప్పుడూ ఒకే పక్కకు ఒరుగుతుంటే ఆ రెక్క బరువెక్కువ. ఎదుటి రెక్క చివర పుల్లకు నాలుగంగుళాల దారం చుట్టండి, సరిపోకపోతే ఇంకొంచెం.

మీరు గాలి వీపుకు తగిలేలా నిలబడండి. పాప పతంగిని పది మీటర్ల అవతల రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకోవాలి. మీరు లాగుతుంటే ఊరికే వదిలేయాలి, విసరకూడదు. తర్వాత చరఖా పాపకిచ్చి మీరు వెనకుండండి. పక్షులు గూళ్లకు చేరే సాయంత్రం వేళ, బయల్దేరే తెల్లవారుజామున ఆపేస్తే మంచిది. తీగలకు చిక్కిన పతంగిని వదిలేయండి. కర్రతో లాగితే మనిషి ప్రాణం మీదికొస్తుంది. తీగ వేలాడుతున్నట్టు కనిపిస్తే 1912కు ఫోన్ చేయండి.

ప్రశ్న: మా వీధిలో నాలుగేళ్ల వాళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్ల దాకా ఉన్నారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లను కలుపుకోరు. – నాచారం పాఠకురాలు

జవాబు: చిన్నవాళ్లను ఆటలో అరటిపండు చేయండి. వాళ్లు పరుగెత్తుతారు, దొరుకుతారు, ఔట్ మాత్రం కారు. పెద్దపిల్లలకు గెలుపోటముల లెక్క చెడదు, పసివాళ్లకు ఆటలో ఉన్నామన్న తృప్తి. దీనికి నేల–బండ బాగా సరిపోతుంది. పంటలు వేసుకుని దొంగను ఖాయం చేసుకున్నాక నేల కావాలా, బండ కావాలా అని అడుగుతారు. దొంగ నేల కోరుకుంటే మిగతావాళ్లకు బండ మీదే రక్ష, దిగినప్పుడు ముట్టుకుంటే ఔట్. బండగా వాడుకునేవి పిల్లల మోకాలి ఎత్తు దాటకూడదు. అరుగు, రెండు మెట్లు, చెట్టు చుట్టూ కట్టిన గట్టు చాలు. గోడలూ బైకులూ లెక్కలోకి రావని ముందే చెప్పండి. తొక్కుడు బిళ్ళ అయితే పసివాళ్లకు 35 సెంటీమీటర్ల గడులు, పెద్దవాళ్లకు 45 సెంటీమీటర్లవి పక్కపక్కనే గీయండి.

ప్రశ్న: చిర్రగోనె (గిల్లీదండా) ఆడనివ్వచ్చా? కళ్లకు ప్రమాదమని భయం. – ఉప్పల్ పాఠకుడు

జవాబు: కాలనీ వీధిలో వద్దు, పెద్ద మైదానంలో సరే. చిర్ర మొనలను సూదిగా చెక్కొద్దు, ఎత్తి కొట్టడానికి మొద్దు వాలు చాలు. పట్టేవాళ్లు పది మీటర్లకు అవతలే ఉండాలి, కొట్టేవాడి పక్కన ఎవరూ నిలబడకూడదు. కంటికి తగిలితే రుద్దొద్దు, ఏ చుక్కలూ వేయొద్దు. కన్ను నొక్కుకోకుండా పైన కాగితపు కప్పు అడ్డుపెట్టి నేరుగా కంటి ఆసుపత్రికి పొండి. మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి ఆసుపత్రి ఉంది.

ప్రశ్న: ఎండాకాలం సెలవుల్లో ఏ వేళ ఆడించాలి? – అల్వాల్ పాఠకురాలు

జవాబు: ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం అయిదున్నర తర్వాత. గచ్చు అప్పటికీ వేడిగానే ఉంటుంది కనుక చెప్పులు కాదు, బూట్లు వేయండి. ఇరవై నిమిషాలకోసారి దాహం లేకపోయినా నీళ్లో, ఉప్పేసిన మజ్జిగో తాగించండి. తలనొప్పి, వాంతి, తూలడం కనిపిస్తే నీడకు తెచ్చి తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. మాట తడబడితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: పన్నెండేళ్ల ఆడపిల్లలు పార్కులో ఖో–ఖో ఆడతామంటున్నారు. కోర్టు ఎలా గీయాలి? – వనస్థలిపురం పాఠకురాలు

జవాబు: పోటీల కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. అంత చోటు మీకు అక్కర్లేదు. 15 మీటర్ల గీత గీసి రెండు చివర్లా స్తంభాల బదులు ఇద్దరు పెద్దవాళ్లను నిలబెట్టండి. స్తంభాల నుంచి రెండున్నర మీటర్లు వదిలి, మధ్యలో రెండు మీటర్లకొకరు చొప్పున ఆరుగురు ఒకరు ఇటు, ఒకరు అటు చూస్తూ కూర్చుంటారు. ముగ్గుపిండితో గీయండి, సున్నం కళ్లలో పడితే మంట. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖో–ఖో ప్రపంచ కప్పును మన అమ్మాయిల జట్టు గెలిచింది. ఉత్సాహం అక్కణ్నుంచే వచ్చి ఉండొచ్చు.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఒకటే. వీపు తట్టకముందే "ఖో" అంటారు, కూర్చున్నమ్మాయి తట్టకముందే లేస్తుంది. తట్టడం, అనడం ఒకేసారి జరగాలి. లేచినామె ఒక దిక్కుకు అడుగు వేశాక స్తంభం చేరేదాకా వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. ఈ రెండూ అలవాటయ్యేదాకా మూడు నిమిషాల చొప్పున ఆడించండి. మడమలెత్తి కూర్చోవడం వల్ల మోకాళ్లు పట్టేస్తాయి కాబట్టి ప్రతి దఫాకూ కూర్చునేవాళ్లు, పరుగెత్తేవాళ్లు మారాలి.