ఇంట్లో సొంతంగా చెక్క ఫర్నిచర్ చేసుకోవాలంటే దేనితో మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. వడ్రంగం ఎప్పుడూ చెయ్యనివాళ్లు పుస్తకాల అర, టేబుల్, మంచం లాంటివి ఇంట్లోనే చేసుకోగలరా, దానికి ఏ పనిముట్లు కావాలి, బయట కొన్నదానికంటే చవగ్గా పడుతుందా అని. చివరిది ముందు తేల్చేద్దాం. పడదు. పనిముట్లు, కోతల్లో వృథా అయ్యే చెక్క, జిగురు, పాలిష్, మీ సెలవు రోజులు అన్నీ కలుపుకుంటే మొదటి రెండు మూడు వస్తువులు కొన్నవాటికంటే ఖరీదుగానే తేలతాయి. డబ్బు మిగుల్చుకోవడం ఒక్కటే కారణమైతే ఇందులోకి దిగకండి. గోడకీ కిటికీకీ మధ్య మిగిలిపోయిన మూరెడు సందులో సరిగ్గా కూర్చునే అర కావాలన్నా, మీ ఎత్తుకు తగ్గ రాతబల్ల కావాలన్నా మాత్రం సొంతంగా చేసుకోవడాన్ని మించింది లేదు. నేను చేసినవాటిలో ఇంట్లో రోజూ వాడుకలో ఉన్నవి ఇలా కొలతకు చేసుకున్నవే.

ఇక చేసుకోగలరా అంటే, తప్పకుండా చేసుకోగలరు. ఈ పనంతా చేతి నేర్పులోనే ఉందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో వస్తువు బాగా రావడం, రాకపోవడం చాలావరకు రంపం ముట్టుకోకముందే తేలిపోతుంది. ఏ చెక్క తీసుకున్నాం, అందులో తడి ఎంత ఉంది, తేమకు అది ఎటు ఉబ్బుతుంది, గీతలు ఎంత నిక్కచ్చిగా గీశాం, ఇవి కుదిరితే కోత ఒకటీ అరా అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. ఇవి కుదరకపోతే ఎంత ఖరీదైన మెషీన్ ఉన్నా లాభం లేదు.

మొదటి వస్తువుగా ప్లైవుడ్‌తో పుస్తకాల అర చెయ్యండి. అసలు చెక్క కాకుండా ప్లైవుడ్ ఏమిటని మూతి విరిచేవాళ్లుంటారు, పట్టించుకోకండి. ప్లైవుడ్‌లో పలుచటి పొరలను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా మార్చి మార్చి అతికిస్తారు. ఒక పొర సాగబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. అందుకే వాతావరణం మారినా అది పెద్దగా పెరగదు, తగ్గదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక పెద్ద తలనొప్పి ఇక్కడే తప్పుతుంది.

షీటు మామూలుగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. దాన్ని ఇంట్లో చేతిరంపంతో తిన్నగా కొయ్యడం కష్టం కాబట్టి, కొన్నచోటే పెద్ద మెషీన్ మీద కోయించుకోవడం మంచిది. వెళ్లేముందు కాగితం మీద షీటు బొమ్మ గీసి ఏ ముక్క ఎక్కడ వస్తుందో వేసుకోండి. ఈ లెక్కలో తరచూ జారిపోయేది రంపం తినే మందం. మెషీన్ బ్లేడు ప్రతి కోతకూ దాదాపు 3 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేసేస్తుంది. 4 అడుగుల వెడల్పును నాలుగు సమాన భాగాలు చేస్తే మూడు కోతలకు 9 మిల్లీమీటర్లు పోతాయి, కాబట్టి ఏ ముక్కా నిండా అడుగు రాదు.

అర ఎంత పొడవుండాలి అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద పుస్తకాలు నిండా పేర్చేటట్లయితే ఆధారానికీ ఆధారానికీ మధ్య 75 సెంటీమీటర్లు దాటనివ్వను. పుస్తకాలు వరసంతా నింపితే, పొడవు రెట్టింపైనప్పుడు పలక వంగడం రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. మందం రెట్టింపు చేస్తే వంగడం 8వ వంతుకు పడిపోతుంది. మందమైన పలక కొనక్కర్లేకుండా దీనికొక ఉపాయం ఉంది. నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న గట్టి చెక్కపట్టీని అర ముందు అంచుకు నిలువుగా అతికించండి. పలకా వంగదు, ప్లైవుడ్ పొరలూ కనబడవు. వెనకవైపు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక కొట్టడం మాత్రం మానకండి. అది అందం కోసం కాదు. అది లేకపోతే అర మొత్తం పక్కలకు ఊగుతుంది.

అసలు చెక్కతో టేబుల్ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. చెక్క గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. నార, అంటే చెక్కలో నిలువునా సాగే పోగులు, దాని పొడవునా ఈ మార్పు లెక్కలోకి రానంత తక్కువ. మార్పంతా నారకు అడ్డంగా, అంటే వెడల్పులోనే. ఈ విషయంలో టేకు చాలా నెమ్మదైన చెక్క అని పేరు. అలాంటి టేకుతో చేసిన 90 సెంటీమీటర్ల వెడల్పు పైపలకలోనే తేమ 4 శాతం మారితే, చెక్కను ఏ కోణంలో కోశారన్నదాన్ని బట్టి 3 నుంచి 7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఆ పలకను కింది చట్రానికి స్క్రూలతో, జిగురుతో బిగించేస్తే అది కదలడానికి దారి ఉండదు. దారి లేకపోతే చీలుతుంది. పైపలక నిట్టనిలువునా చీలిన టేబుళ్లు చూసే ఉంటారు, చాలావాటికి కారణం ఇదే. చట్రంలో స్క్రూ కోసం గుండ్రటి రంధ్రానికి బదులు నారకు అడ్డంగా కోలగా సాగిన రంధ్రం పెట్టి, వాషర్ వేసి, మరీ బిర్రుగా కాకుండా బిగించండి. పలక పైకి లేవదు, పక్కకు మాత్రం జరుగుతుంది. జిగురు అసలు వద్దు.

తడి చెక్కతో ఏం చేసినా నిలవదు. గాలికి ఆరబెట్టే చెక్కకు అంగుళం మందానికి ఏడాది అని పాతకాలం నుంచీ ఒక లెక్క ఉంది. కొన్న చెక్క ఎంత ఆరిందో తెలుసుకోవడానికి తేమ మీటర్లు దొరుకుతాయి గానీ, నాకు నమ్మకమైన పద్ధతి తూకం. కొనకు దగ్గర కాకుండా పలక లోపలివైపు నుంచి చిన్న ముక్క కోసి, వంటింటి తూకం మీద పెట్టి, బరువు ఆ ముక్క మీదే పెన్సిల్‌తో రాస్తాను. దాన్ని పలకలతోపాటు అదే గదిలో ఉంచుతాను. వారం వారం తూచి కింద మళ్లీ రాస్తుంటే అంకెలు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగుతాయి. చిన్న ముక్క పెద్ద పలకకంటే త్వరగా ఆరుతుంది కాబట్టి అది ఆగాక కూడా పలకలకు ఇంకొంత గడువివ్వాలి. ఈలోపు పలకల మధ్య సన్నటి పుల్లలు అడ్డం పెట్టి, అన్ని వైపులా గాలి ఆడేలా పేర్చాలి. కొన్న రోజునే పని మొదలుపెట్టాలని చెయ్యి దురద పెడుతుంది, నిజమే. ఆ దురద తీర్చుకోవడానికి ఉలి నూరుకోండి.

పలక ఎంచుకునేటప్పుడు ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూడండి. విల్లులా వంగినా, మెలి తిరిగినా అలా చూస్తే ఇట్టే కనబడుతుంది. కొంచెం వంపు చిత్రిక పడితే పోతుంది, మెలి తిరిగినదాన్ని మాత్రం వదిలెయ్యండి. ముదురు రంగులో ఉండేది చేవ. దాని చుట్టూ ఉండే లేత రంగు భాగాన్ని పురుగు ముందు పడుతుంది. గుండుసూది రంధ్రాలు ఉండి, పలకను తట్టినప్పుడు వాటిలోంచి సన్నటి పొడి రాలితే లోపల పురుగు ఇంకా పనిలో ఉందన్నమాట.

కొలతల విషయంలో టేపును తక్కువ వాడండి, చెక్కను ఎక్కువ వాడండి. రెండు పక్కపలకల మీద అరల గుర్తులు కావాలంటే విడివిడిగా కొలవకుండా, రెండింటినీ ఆనించి పెట్టి మూలమట్టంతో ఒకేసారి గీత గీసెయ్యాలి. కొలతలో అరమిల్లీమీటరు తేడా ఉన్నా రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి అర వంకర పోదు. నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయా అంటే ఐమూలగా రెండువైపులా కొలవడమే, రెండూ ఒకటైతే సరే. అన్నట్టు, టేపు కొసన ఉండే కొక్కెం కొంచెం అటూ ఇటూ కదులుతుంటే అది పాడైందని మేకు కొట్టి బిగించేవాళ్లున్నారు. అది కావాలనే అలా చేస్తారు. బయటి కొలతకు, లోపలి కొలతకు కొక్కెం మందం ఎక్కువ తక్కువ కాకుండా సర్దడానికి.

అతుకుల గురించి భయపడాల్సినంత లేదు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, పలక పక్క అంచులు రెండూ కలిపి జిగురు పెడితే అతుకు చెక్కకంటే గట్టిగా ఉంటుంది, కోసిన కొసకు జిగురు పెడితే మాత్రం నమ్మడానికి లేదు. కొసలో నారలు స్ట్రాల్లా తెరుచుకుని జిగురును పీల్చేసుకుంటాయి. టేబుల్ కాలికి చట్రాన్ని కలపడానికి కొసను నాలుకలా చెక్కి కాలిలో తొలిచిన బెజ్జంలో దూర్చే పద్ధతి వేల ఏళ్లుగా ఉన్నది ఇందుకే. అక్కడ నార పక్కలకు నార పక్కలు తగులుతాయి. అది చెయ్యడానికి చెయ్యి తిరగలేదనుకుంటే రెండేసి డోవెల్ పుల్లలు, అంటే గుండ్రటి చెక్క మేకులు, దిగ్గొట్టినా ఇంటి టేబుల్‌కు చాలు.

పైపలక కోసం నాలుగైదు పలకలు కలిపి అతికించడం కొత్తలో అందరికీ టెన్షన్ పెట్టే పనే. తెల్ల జిగురు రాశాక చేతిలో ఉండేది ఐదు, పది నిమిషాలే. అందుకే ముందు జిగురు లేకుండా పలకలు పేర్చి, క్లాంపులు (పలకలను నొక్కి పట్టే బిగింపు పనిముట్లు) బిగించి, ఒకసారి పూర్తిగా సరిచూసుకోవాలి. ఏ పలక ఏ పక్కనో తెలిసేలా మొత్తం మీద చాక్‌పీసుతో పెద్ద త్రికోణం గీస్తే, విప్పి మళ్లీ పేర్చేటప్పుడు తికమక ఉండదు. తర్వాత అంచుకు జిగురు పలుచగా, ఎక్కడా ఖాళీ లేకుండా పూసి, క్లాంపులు ఒకటి పైన, ఒకటి కింద వచ్చేలా బిగించాలి. అన్నీ ఒకేవైపు పెడితే పలక ఆ వైపుకు వంగుతుంది. అతుకు పొడవునా చిన్న చిన్న జిగురు బొట్లు వరసగా బయటికి వస్తే సరిగ్గా ఉందని అర్థం. ఎక్కడైనా రాకపోతే అక్కడ జిగురు తక్కువైంది లేదా అంచు సరిగ్గా ఆనలేదు. ఆ బొట్లను వెంటనే తడిగుడ్డతో తుడవకండి. పల్చబడ్డ జిగురు చెక్కలోకి ఇంకి, పాలిష్ వేశాక తెల్లటి మచ్చలుగా తేలుతుంది. ముప్పావు గంట ఆగి, సగం గట్టిపడ్డాక పాత ఉలితో గీకితే దారంలా లేచి వచ్చేస్తుంది. బలం పూర్తిగా రావడానికి ఒక రోజు పడుతుంది.

మంచం విషయం ఒక్క మాట. పక్క బద్దలను తలవైపు పలకకు జిగురుతో అతికించకండి, బోల్టులతో బిగించండి. గదిలోంచి బయటికి తీయాలంటే విప్పుకోవచ్చు, కిర్రుమన్న రోజున బిగించుకోవచ్చు. వెడల్పు మంచానికి మధ్యలో ఒక బద్ద, దాని కింద ఒక కాలు ఉండాల్సిందే.

పనిముట్లలో ముందు కావాల్సినవి మంచి చేతిరంపం, ఒకటి రెండు వెడల్పుల ఉలులు, చిత్రిక పట్టడానికి తోపడా, మూలమట్టం, డ్రిల్లు, నూరుకునే రాయి. క్లాంపులు ఎన్ని ఉన్నా చాలవు. రంపపు బల్ల మెషీన్ ఇప్పుడే వద్దు, అది చేతివేళ్లతో ఆడుకునే వస్తువు. ఎప్పుడైనా కొన్నా, తిరిగే బ్లేడు దగ్గర వదులు బట్టలూ, గ్లోవ్స్‌ వద్దు. అవి చిక్కుకుంటే చేతిని లోపలికి లాగేస్తాయి. ఉలి మొండిదైతే బలం పెట్టి నెట్టాల్సి వస్తుంది, అప్పుడే జారి గాయం చేస్తుంది. పదునైన ఉలికి అంత బలం అక్కర్లేదు.

ఉప్పు కాగితం గరుకైన 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180 దాకా వెళ్లండి, మధ్యలో నంబరు దాటెయ్యకండి. రుద్దడం ఎప్పుడూ నార వెంటే. పక్క నుంచి లైటు పడేలా పెట్టి చూస్తే మిగిలిన గీతలు కనబడతాయి, లేకపోతే పాలిష్ వేశాక కనబడతాయి. మాస్కు లేకుండా ఈ పని వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటిలో మొదటి వర్గంలో పెట్టింది. అవిసె నూనె లాంటివి పూసిన గుడ్డలను ముద్దగా చుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతటవే వేడెక్కి మంటలు లేచే ప్రమాదం ఉంది. నేను వాటిని నీళ్లలో నానబెట్టి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరాక పారేస్తాను.

కుర్చీ మాత్రం చివరికి ఉంచుకోండి. టేబుల్‌లో అన్నీ లంబకోణాలే. కుర్చీలో వెనక కాళ్లు ఒకవైపు, వీపు పలక ఇంకోవైపు వాలి ఉంటాయి. పైగా మనిషి వెనక్కి వాలి రెండు కాళ్ల మీద ఊగితే భారమంతా సీటు, వెనక కాలు కలిసే ఆ ఒక్క అతుకు మీద పడుతుంది. దానికి ముందు ఒక స్టూలు చేసి చెయ్యి తిప్పుకోండి. కుర్చీ చేసే రోజు వచ్చినప్పుడు, ఇంట్లో మీకు హాయిగా అనిపించే కుర్చీని అట్టముక్క మీద పక్కకు పడుకోబెట్టి దాని వెనక కాలు చుట్టూ పెన్సిల్ తిప్పండి. సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ఆ అట్టమీదే గుర్తుపెట్టుకోండి, మామూలుగా 43 నుంచి 46 సెంటీమీటర్లు ఉంటుంది. వీపు ఎంత వాలాలన్నది కోణాల లెక్కలతో కంటే ఆ అట్టతోనే త్వరగా తేలుతుంది.